నాలుగు చప్పట్ల తర్వాత ఏముంది? టీవీ టైటిల్ సాంగుల రికార్డులపై రివ్యూ

అమెరికన్ టీవీ కామెడీ ‘ఫ్రెండ్స్’ టైటిల్ సాంగ్‌లో నాలుగు చప్పట్లు పడగానే చేతులు వాటంతటవే కలుస్తాయి. పాట పేరు ‘ఐ విల్ బీ దేర్ ఫర్ యూ’. బాణీ మైకేల్ స్క్లాఫ్‌ది, పాడింది రెంబ్రాంట్స్ అనే ఇద్దరు సభ్యుల బృందం. 1994లో షో మొదలైనప్పుడు ఆ పాట మొత్తం నిడివి నిమిషం లోపే. ఒక చరణం, పల్లవి, అంతే. అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక రేడియో స్టేషన్‌వాళ్లు ఆ ముక్కనే తిప్పి తిప్పి అతికించి, పూర్తి పాట నిడివికి సాగదీసి ప్రసారం చేశారు. వినేవాళ్లు మళ్లీ మళ్లీ అడగడంతో రెంబ్రాంట్స్ తిరిగి స్టూడియోకు వెళ్లి రెండో చరణం, మధ్యలో ఒక కొత్త మలుపు చేర్చి మూడు నిమిషాల పాట తయారు చేశారు. 1995లో వాళ్ల ఆల్బమ్‌లో వచ్చింది అదే.

అంటే టీవీలో మోగేది ఒక సరుకు, రికార్డుగా అమ్మేది వేరే సరుకు. టైటిల్ సాంగుల విషయంలో ఇది మినహాయింపు కాదు, దాదాపు నియమం. నచ్చిన పాట వెతికి పెట్టుకున్నాక ‘ఇది అది కాదే’ అనిపిస్తే తప్పు చెవిది కాదు. ఏ పాట పొడుగు వెర్షన్ నిలబడింది, ఏది సాగదీతగా మిగిలింది, ఏది పేరు చూసి మోసపోయే రకం అన్నదే ఈ రివ్యూ.

‘ఫ్రెండ్స్’ పాటకు మంచి మార్కులే. కొత్త చరణం అతుకు తెలియకుండా కుదిరింది. మధ్య మలుపులో వాయిద్యాలు కాస్త తగ్గి, చివరి పల్లవికి ఊపిరి తీసుకునే చోటు దొరికింది. అతుకు కనిపెట్టడానికి తేలిక పద్ధతి ఒకటుంది. టీవీలో పాట ఎక్కడ ఆగుతుందో గుర్తుపెట్టుకుని, రికార్డులో ఆ క్షణం దాటాక వచ్చే ముప్పై సెకన్లు శ్రద్ధగా వినాలి. కొత్త మాటలు, కొత్త స్వరాలు వస్తే అది పాట. అదే పల్లవి మళ్లీ మళ్లీ వచ్చి శబ్దం మెల్లగా తగ్గిపోతే అది సాగదీసిన ముక్క, టీవీ వెర్షనే చాలు.

ఈ పాట చార్టుల లెక్క కూడా విచిత్రం. 1995లో అమెరికా రేడియో చార్టులో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో ఉంది, కానీ పాటల జనాదరణకు అసలు లెక్క అయిన బిల్‌బోర్డ్ హాట్ 100 చార్టులో అప్పుడు దాని జాడే లేదు. విడిగా సింగిల్ (ఒక్క పాట రికార్డు) అమ్మకానికి పెడితేనే ఆ చార్టులో చేర్చే నియమం అప్పట్లో ఉండేది, 1998 చివర్లో తీసేశారు. ఈ పాట కావాలంటే ఆల్బమ్ మొత్తం కొనాల్సిందే. తర్వాత వేరే పాటకు జోడీగా సింగిల్ విడుదల చేస్తే 17 దాకా ఎక్కింది. కాబట్టి పాత హిట్ల జాబితాల్లో 17 అని చూసి ‘ఇంతేనా’ అనుకోనక్కర్లేదు.

మొదటి నుంచే పూర్తి పాటగా పుట్టినవాటికి ఈ అతుకుల బాధ ఉండదు. 1975లో ‘కాటర్’ అని పేరు పెట్టుకున్న ఒక షోకు పాట రాయమని జాన్ సెబాస్టియన్‌ను అడిగితే, ఆ పేరుకు ప్రాస కుదరక, ఊరికి తిరిగొచ్చిన టీచర్ కథను పట్టుకుని ‘వెల్కమ్ బ్యాక్’ రాశాడు. పాట విన్నాక షో పేరే ‘వెల్కమ్ బ్యాక్, కాటర్’ అయింది. 1976 మే నెలలో హాట్ 100లో మొదటి స్థానం. షో గురించి ఏమీ తెలియనివాళ్లకు కూడా పాత నేస్తాన్ని పలకరించినట్టే ఉంటుంది, పాత్రల పేర్లు ఒక్కటీ లేవు మరి. టైటిల్ సాంగ్ బతికి బట్టకట్టాలంటే రచయిత పాటించాల్సిన మొదటి జాగ్రత్త అదే.

‘చీర్స్’ పాట దీనికి భిన్నం. గ్యారీ పోర్ట్‌నాయ్, జూడీ హార్ట్ ఏంజెలో కలిసి రాసిన ‘వేర్ ఎవ్రీబడీ నోస్ యువర్ నేమ్’ 1982లో టీవీలో వచ్చినప్పుడు పియానో మీద నెమ్మదిగా మొదలై, పల్లవి దగ్గర గుంపు గొంతులతో విచ్చుకుంటుంది. ఆ గుంపు నిజానికి పోర్ట్‌నాయ్ ఒక్కడే, తన గొంతునే పొరలు పొరలుగా పేర్చాడు. పొడుగు వెర్షన్ చరణాల్లో చిన్న చిన్న కష్టాల హాస్యం ఎక్కువ. అది బాగానే ఉన్నా, టీవీ ముక్కలో ఉన్న ఆర్ద్రత పలచబడింది. 1983లో సింగిల్ 83వ స్థానం దగ్గరే ఆగడంలో ఆశ్చర్యం లేదు. ఇక్కడ టీవీ వెర్షనే మేలు.

మాటల్లేని టైటిల్ మ్యూజిక్‌లో పరీక్ష ఇంకా కఠినం. నిమిషం తర్వాత చెప్పడానికి కొత్త సంగతి లేకపోతే డొల్లతనం వెంటనే బయటపడుతుంది. ‘హిల్ స్ట్రీట్ బ్లూస్’ కోసం మైక్ పోస్ట్ చేసిన బాణీ టీవీలో నిదానమైన పియానో. పోలీసు కథకు పరుగెత్తే ఇత్తడి వాద్యాలు పెట్టే రోజుల్లో అది ఎదురీత. 1981లో వచ్చిన రికార్డులో ల్యారీ కార్ల్‌టన్ గిటార్ చేరి, పియానో ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి కథ అందుకుంటుంది. పదో స్థానం దాకా వెళ్లింది. పొడిగింపు అంటే ఎలా ఉండాలో నేర్చుకోవడానికి ఇదొక పాఠం. అదే మైక్ పోస్ట్, స్టీఫెన్ గేయర్‌తో కలిసి ‘ది గ్రేటెస్ట్ అమెరికన్ హీరో’కు చేసిన ‘బిలీవ్ ఇట్ ఆర్ నాట్’ను జోయీ స్కార్‌బరీ పాడితే అదే ఏడాది రెండో స్థానానికి చేరింది.

‘మయామీ వైస్’ థీమ్‌లో యాన్ హ్యామర్ ఫెయిర్‌లైట్ అనే శాంప్లింగ్ కంప్యూటర్ వాడి, డ్రమ్ముల మీద గిటార్‌లా అరిచే సింథసైజర్ పరిగెత్తించాడు. 1985 నవంబరులో హాట్ 100లో మొదటి స్థానం, సౌండ్‌ట్రాక్ ఆల్బమ్ పదకొండు వారాలు ఆల్బమ్ చార్టు పైన. రికార్డు రెండున్నర నిమిషాల లోపే ముగుస్తుంది. అది తెలివైన పని, ఆ డ్రమ్ముల ఒరవడి నాలుగు నిమిషాలు నడిస్తే చెవి అలసిపోయేది. ‘స్వాట్’ థీమ్ 1976 ఫిబ్రవరిలో రిథమ్ హెరిటేజ్ వాయించి మొదటి స్థానం తెచ్చుకుంది. డిస్కో తాళం మీద చక్కగా నడుస్తుంది, అంతకు మించి ఆశించకూడదు. ‘హవాయీ ఫైవ్-ఓ’కు మార్టన్ స్టీవెన్స్ చేసిన అసలు బాణీలో డోలు, ఇత్తడి వాద్యాల ఉప్పెన ఉంది. 1969లో నాలుగో స్థానానికి వెళ్లింది మాత్రం వెంచర్స్ గిటార్ వెర్షన్. ఆ ఉప్పెన కోసం వెతుకుతూ వెంచర్స్ రికార్డు పెట్టుకుంటే నిరాశే.

‘మిషన్: ఇంపాజిబుల్’ గురించి కాస్త ఆగి మాట్లాడాలి. లాలో షిఫ్రిన్ బాణీ 5/4లో, అంటే ఆవర్తానికి ఐదు దెబ్బలతో ఉంది. దెబ్బను రెండుగా విడదీస్తే ఒక ఆవర్తంలో పది, అవి 3-3-2-2గా పడతాయి. చేత్తో వేసి చూస్తే మొదటి రెండు అడుగులు పొడుగు, తర్వాతి రెండు పొట్టి. నడిచే మనిషి ఒక్కసారిగా అడుగు తడబడి మళ్లీ సర్దుకున్నట్టు ఉంటుంది. ఆ ఉత్కంఠ అంతా ఆ తడబాటులోనే ఉంది. ఖండచాపుకు అలవాటైన చేతికి ఐదు కొత్త కాదు, కానీ ఆ 2-3 విరుపు ఇక్కడ వేస్తే బాణీకి అడ్డం పడుతుంది. 1996 సినిమా కోసం యూటూ బృందంలోని ఆడమ్ క్లేటన్, ల్యారీ మలెన్ దీన్ని నృత్యానికి వీలుగా 4/4లోకి దించారు. హిట్టయింది. కానీ నాలుగుకు సర్దగానే తడబాటు పోయింది, దాంతో పాటు ప్రాణమూ సగం పోయింది. జిమ్‌లో పరుగెత్తడానికి అది, కూర్చుని వినడానికి షిఫ్రిన్‌ది.

తాళం మాట వచ్చింది కాబట్టి రాగం మాట కూడా. డానీ ఎల్ఫ్‌మన్ ‘సింప్సన్స్’ థీమ్‌లో మొదటి పలుకు ప్రతిమధ్యమంతో, కైశికి నిషాదపు స్వరవరసలో నడుస్తుంది. పాశ్చాత్యులు లిడియన్ డామినెంట్ అనేది మనకు వాచస్పతి. గమకాలు లేవు కాబట్టి రాగం అనలేం గానీ, ఆ వెక్కిరింపు ధ్వని ఎక్కడి నుంచి వచ్చిందో హార్మోనియం మీద ఆ మధ్యమాన్ని శుద్ధం చేసి వాయిస్తే తెలిసిపోతుంది. నవ్వు కాస్తా మాయమవుతుంది.

‘పీటర్ గన్’ను మాత్రం వదలకూడదు. 1958 నాటి ఈ డిటెక్టివ్ షోకు హెన్రీ మాన్సీనీ చేసిన సంగీతం, కింద మారకుండా తిరిగే ఒకే బేస్ వరస, పైన ఇత్తడి వాద్యాల అరుపు. 1959లో జరిగిన మొట్టమొదటి గ్రామీ వేడుకలో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ దీనికే దక్కింది. ఆ పియానో వాయించిన కుర్రాడు జాన్ విలియమ్స్, తర్వాత ‘స్టార్ వార్స్’కు సంగీతం చేసినాయనే. టీవీ సంగీతం ఆల్బమ్ అంటే థీమ్ ఒక్కటి బాగుండి మిగతాది ఊక అన్న అనుమానం ఉన్నవాళ్లు దీనితో మొదలుపెట్టవచ్చు. మొదటి నుంచి చివరిదాకా వినదగిన జాజ్.

ఇక మోసపోయే రకాలు. ‘ది బెవర్లీ హిల్‌బిల్లీస్’ పాట ‘ది బ్యాలడ్ ఆఫ్ జెడ్ క్లాంపెట్’ 1963 జనవరిలో కంట్రీ చార్టులో మొదటి స్థానం పొందింది. టీవీలో పాడింది జెర్రీ స్కాగిన్స్, రికార్డులో పాడింది లెస్టర్ ఫ్లాట్. రెండింటిలోనూ బాంజో ఎర్ల్ స్క్రగ్స్‌దే కాబట్టి మొదట తేడా తెలియదు, గొంతు మొదలయ్యాకే తెలుస్తుంది. ‘హ్యాపీ డేస్’ మొదటి రెండు సీజన్లకు బిల్ హేలీ తన ‘రాక్ అరౌండ్ ది క్లాక్’ను 1973లో కొత్తగా పాడి ఇచ్చాడు. జనం కొన్నదేమో 1954 నాటి రికార్డు. ఆ పాతదే మళ్లీ చార్టుకెక్కి 1974లో 39 దాకా వచ్చింది. నిజానికి పాతదే మెరుగు, అందుకని ఈ పొరపాటు లాభసాటిదే. ఆ షోకు తర్వాత పెట్టిన ‘హ్యాపీ డేస్’ పాట వేరు, అది 1976లో ప్రాట్ అండ్ మెక్‌క్లెయిన్ పాడగా ఐదో స్థానానికి వెళ్లింది. ‘ది సొప్రానోస్’ పాట కావాల్సినవాళ్లు ‘వోక్ అప్ దిస్ మార్నింగ్’ అని వెతికితే సరిపోదు, ‘చోజెన్ వన్ మిక్స్’ అని పక్కన ఉందో లేదో చూడాలి. పాడినది అలబామా 3. అలబామా అనే కంట్రీ బృందం అప్పటికే ఉంది కాబట్టి అమెరికాలో ఏ3 అనే పేరుతో కనిపిస్తుంది.

‘సైన్‌ఫెల్డ్’ది ఇంకో తలనొప్పి. జోనథన్ వోల్ఫ్ బేస్ గిటార్ మీటినట్టు వినిపించే స్వరాలను కీబోర్డు మీద వాయించి, నోటితో చేసిన టకటకలు కలిపాడు. ప్రతి ఎపిసోడ్ మొదట్లో హాస్యనటుడు జెర్రీ చెప్పే జోకుల వేగాన్ని బట్టి సంగీతం వేగం, విరామాలు మార్చేవాడు. అంటే అసలు వెర్షన్ అని ఒకటి లేనే లేదు. 2021లో ఆల్బమ్ వచ్చేదాకా బయట దొరికినవన్నీ ఎవరో వాయించిన నకళ్లే. ఒకటి రెండు ట్రాకులు చాలు, మాటలు లేని చోట ఆ విరామాలు వెలితిగా వినిపిస్తాయి.

‘డాక్టర్ హూ’ థీమ్‌ను మిగతావాటితో కలిపి తూచకూడదు. 1963లో రాన్ గ్రెయినర్ రాసిచ్చిన బాణీని బీబీసీ వారి శబ్ద ప్రయోగశాల రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌లో డీలియా డెర్బీషైర్, డిక్ మిల్స్ సహాయంతో టేపు మీద కట్టింది. సింథసైజర్లు అందుబాటులో లేవు, ఒకే టేపు మీద పొరలు పొరలుగా రికార్డు చేసే మల్టీట్రాక్ రికార్డరూ లేదు. ఒక తీగను మీటి రికార్డు చేసిన ఒక్క శబ్దాన్ని, టేపు వేగం పెంచి తగ్గించి వేర్వేరు స్వరాలుగా మార్చింది. పైన కూనిరాగంలా జారే గొంతు పరికరాలు పరీక్షించే ఆసిలేటర్లది (ఒక్క స్వరాన్ని ఎడతెగక పలికించే యంత్రాలు), గాలి చప్పుడు వైట్ నాయిస్‌ది (బుస్సుమనే ధ్వని). ఏ స్వరం ఎంతసేపు ఉండాలో అంత పొడుగు టేపు ముక్క కత్తిరించి, ఒకదాని పక్కన ఒకటి అతికించాలి. బేస్‌కు ఒక టేపు, బాణీకి ఒకటి, గాలి చప్పుళ్లకు ఒకటి. అన్నింటినీ వేర్వేరు యంత్రాల మీద ఒకేసారి నడిపి కలపాలి. ఎక్కడో ఒక ముక్క రవ్వంత పొడుగైతే అక్కడి నుంచి చివరిదాకా జారుడే. అప్పుడు టేపులు నేల మీద పక్కపక్కన పరిచి, ఏ అతుకు వరస తప్పిందో కళ్లతో వెతకాలి. బేస్ వరసను హెడ్‌ఫోన్లతో వింటే స్వరాల మధ్య ఆ చిన్న చిన్న అసమానతలు ఇప్పటికీ దొరుకుతాయి. యంత్రం వాయించినట్టు ఉన్నా యంత్రంలా లేకపోవడానికి కారణం అవే. గ్రెయినర్ ఆమెకు సగం పేరు ఇవ్వాలన్నా బీబీసీ పద్ధతులు ఒప్పుకోలేదు. తెర మీద ఆమె పేరు పడింది 2013లో, యాభయ్యో వార్షికోత్సవపు ఎపిసోడ్‌లో. తర్వాతి దశాబ్దాల్లో కొత్త వాయిద్యాలతో చేసిన వెర్షన్లు శుభ్రంగా ఉంటాయి, శుభ్రతే వాటి లోపం. వెతికేటప్పుడు డెర్బీషైర్ పేరు, 1963 అనే ఏడాది రెండూ చూసుకోవాలి.

టైటిల్ సాంగ్ కాకుండా, షో పుణ్యమా అని పుట్టిన హిట్లు ఇంకో కోవ. కొన్ని షోలు పాటలు అమ్మడానికే పుట్టాయి. 1966లో ‘ది మంకీస్’ షో సెప్టెంబరులో మొదలైతే, ‘లాస్ట్ ట్రెయిన్ టు క్లార్క్స్‌విల్’ ఆగస్టులోనే దుకాణాలకు చేరి నవంబరుకు మొదటి స్థానం ఎక్కింది. వెంటనే వచ్చిన ‘ఐ యామ్ ఎ బిలీవర్’ ఏడు వారాలు అక్కడే కూర్చుంది. తొలి రికార్డుల్లో వాయిద్యాలు చాలావరకు స్టూడియో కళాకారులవే అని వంక పెడతారు గానీ, వినేవాడికి మికీ డోలెంజ్ గొంతు చాలు. 1969లో కార్టూన్ బొమ్మల బృందం ఆర్చీస్ పేరుతో ‘షుగర్, షుగర్’ నాలుగు వారాలు పైన నిలిచింది. పాడింది రాన్ డాంటే. కొద్దిపాటి స్వరాలు, ఒక కీబోర్డు పలుకు. తీపి ఎక్కువే, కానీ కట్టుబడిలో లోపం వెతకడం కష్టం.

సరుకు లేనప్పుడు గిరాకీ వస్తే ఏమవుతుందో చెప్పడానికి బిల్లీ వెరా పాట ‘ఎట్ దిస్ మొమెంట్’ ఉంది. 1981లో వచ్చి 79వ స్థానంతో సరిపెట్టుకుంది. 1985లో ‘ఫ్యామిలీ టైస్’ ప్రేమ సన్నివేశంలో వాడితే జనం పాట కోసం ఎగబడ్డారు, కానీ రికార్డు మార్కెట్లో లేదు. రైనో సంస్థ మళ్లీ విడుదల చేశాక, 1986లో షోలో ఇంకోసారి వినిపించింది. ఈసారి దుకాణాల్లో సరుకుంది. 1987 జనవరిలో మొదటి స్థానం. వేదిక మీద జనం ముందు పాడిన రికార్డింగ్ కావడంతో గొంతు చివర్లో చిరిగినట్టు వినిపిస్తుంది, దాన్నే కోరుకుని వినాలి. దీనికి తలకిందులు ‘ది హైట్స్’. 1992 నవంబరులో దాని పాట ‘హౌ డూ యూ టాక్ టు యాన్ ఏంజెల్’ మొదటి స్థానానికి వెళ్లిన నెలలోనే షో ఆగిపోయింది. పాట వినవచ్చు, గుర్తుండడం అనుమానం. కేట్ బుష్ ‘రన్నింగ్ అప్ దట్ హిల్’కు మాత్రం 1985లో బ్రిటన్‌లో దక్కింది మూడో స్థానం. 2022లో ‘స్ట్రేంజర్ థింగ్స్’ పుణ్యాన 37 ఏళ్ల తర్వాత మొదటి స్థానం దొరికింది. ఒక్క స్వరం మార్చలేదు, కొత్తగా పాడలేదు. స్ట్రీమింగ్ కాలంలో రైనోలాంటి వాళ్లు మళ్లీ అచ్చు వేసేదాకా ఆగే పని లేదు కదా.

థీమ్‌ల సంకలనాలు కొనేటప్పుడు, వినేటప్పుడు మూడు సంగతులు చూడాలి. కళాకారుడి పేరు చోట అసలు సంగీతకర్త పేరు కాకుండా ఏదో ఆర్కెస్ట్రా పేరుంటే అది నకలు. నిడివి నిమిషం చుట్టుపక్కల ఉంటే టీవీ ముక్క, రెండు దాటితే సింగిల్ లేదా కొత్త కట్టుబడి. విడుదలైన ఏడాది షో కంటే చాలా తర్వాతిదైతే పునర్ముద్రణా, పునఃగానమా అని ఒకసారి విని తేల్చుకోవాలి. ముందు పది సెకన్లు చాలు, డ్రమ్ముల ధ్వనిలోనే దశాబ్దం పట్టుబడుతుంది.

షోనే చూస్తూ పాట వినాలనుకుంటే హక్కుల చిక్కు ఎదురవుతుంది. పాత ఒప్పందాలు చాలావరకు టీవీ ప్రసారానికే, డీవీడీలకు స్ట్రీమింగ్‌కు మళ్లీ డబ్బు కట్టాలి. ‘మ్యారీడ్ విత్ చిల్డ్రన్’ డీవీడీల్లో మూడో సీజన్ నుంచి ఫ్రాంక్ సినాట్రా గొంతు తీసేసి వేరే సంగీతం పెట్టారు. ‘డాసన్స్ క్రీక్’ స్ట్రీమింగ్‌లో పోలా కోల్ ‘ఐ డోంట్ వాంట్ టు వెయిట్’ స్థానంలో చాలాకాలం జాన్ ఆర్డెన్ పాట ‘రన్ లైక్ మ్యాడ్’ మోగింది. 2021లో కోల్ పాట తిరిగొచ్చింది. 1997 నాటి రికార్డే చెవిలో ఉన్నవాళ్లు తిరిగొచ్చిన పాటను దానితో పోల్చి వినాలి, ఎందుకంటే కోల్ దీన్ని మళ్లీ పాడి రికార్డు చేసింది.

ఒకే పాటను ఎన్ని రకాలుగా చేయవచ్చో ఒక్క కూర్పులో వినాలంటే ‘ది వైర్’ ఉంది. టామ్ వెయిట్స్ పాట ‘వే డౌన్ ఇన్ ది హోల్’కు ఐదు సీజన్లలో ఐదు గొంతులు. మొదటిది బ్లైండ్ బాయ్స్ ఆఫ్ అలబామా, రెండోది వెయిట్స్ సొంత గొంతు, మూడోది నెవిల్ బ్రదర్స్, నాలుగోది డోమాజే అనే కుర్రాళ్ల బృందం, ఐదోది స్టీవ్ ఎర్ల్. మొదటిదే అన్నింటికంటే బరువైనది. ఎర్ల్ వెర్షన్‌ను దాటేసినా నష్టం లేదు. నాలుగోదాన్ని మాత్రం స్కూలు పిల్లల కథతో నడిచే ఆ సీజన్ చూస్తూ వింటేనే దాని విలువ తెలుస్తుంది, విడిగా వింటే పేలవం.